గోటు గుడ్డ ఎవరిది?

గత చలికాలం మొదలయ్యే ముందు, బనగానపల్లెలో మేము పాఠాలు చెప్పే మదరసాకు ఒక సోదరి వచ్చారు. వెంట పదేళ్ల కుమారుడు, వాడి నెత్తిమీద ఒక గోనెసంచి. ఆమె గుమ్మం వెలుపలే నిలబడ్డారు. తాను బొంతలు కుట్టి జీవనం గడుపుతున్నానని, సంచిలో ఉన్నవి దర్జీ దుకాణాల నుంచి కొనుక్కున్న గుడ్డ పీలికలని, వాటితోనే బొంతలకు గోటు వేస్తానని చెప్పి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "మౌలానా సాబ్, ఈ గుడ్డ నాకు హలాలేనా? ఇది దర్జీది కాదు కదా, బట్ట ఇచ్చినవాళ్లది కదా?"

ఇన్నేళ్లలో మా వద్దకు ఎన్నో సమస్యలు వచ్చాయి. వారసత్వపు వాటాలు, వడ్డీ అప్పులు, విడాకులు, పొలం గట్ల తగాదాలు. గుడ్డ పీలికల గురించి అడిగినవారు ఆమే మొదటివారు. చిన్న విషయమనుకొని చిన్న జవాబే ఇచ్చాం: "యజమాని అనుమతి లేని గుడ్డ తీసుకోరాదు ఆపా, తిరిగి ఇచ్చివేయండి." ఆమె "మంచిది" అని సంచి ఎత్తించుకొని వెళ్లిపోయారు.

మా జవాబులో ధర్మశాస్త్రపరంగా తప్పు లేదు. అయినా ఆ జవాబు వల్ల ఒక ఇంట్లో రెండు నెలలు పొయ్యి సరిగా వెలగలేదు. ఆ సంగతి పాఠకులకు చెప్పుకోవలసిన బాధ్యత మాకుంది. అయితే గోటు అంటే ఏమిటో, దానికి పీలిక ఎలా కోస్తారో తెలియనిదే ఆ ప్రశ్న బరువు తెలియదు. ఆనాడు మాకూ తెలియలేదు.

మా సీమను ఎండల సీమ అంటారు. 1948 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్న ఈ ఊరు బయటివారికి మామిడిపండు పేరుతోనే పరిచయం. ఇక్కడ చలి ఏపాటిదని వారు అనుకుంటారు. నాపరాతి బండలు పరిచిన ఇంట్లో, జనవరి నెలలో ఫజ్ర్ నమాజుకు లేచి నేలమీద పాదం మోపినవారికి ఆ సంగతి తెలుసు. అందుకే మా ఇళ్లలో కింద పరచుకోవడానికి ఒక బొంత, పైన కప్పుకోవడానికి మరొకటి ఉంటాయి. దూది నింపితే రజాయి. పాత చీరలు, లుంగీలు, దుపట్టాలు పొరలు పొరలుగా పరచి కుడితే గుదడీ. ఉర్దూలో గూదడ్ అంటే చింకిపాత అని అర్థం. అరబ్బీలో కప్పుకునే దాన్ని లిహాఫ్ అంటారు. హజ్రత్ ఆయిషా (రజి) కప్పుకున్న లిహాఫ్‌లో ఉండగా కూడా తనపై వహీ అవతరించిందని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. హదీసు పాఠంలో ఆ పదం వచ్చిన ప్రతిసారీ దాని అర్థం చెప్పి ముందుకు సాగిపోయేవాళ్లం. దాని అంచు ఎలా ఉంటుందో ఏనాడూ ఆలోచించలేదు.

బొంత నడుమ చిరగదు, అంచున చిరుగుతుంది. పడుకునేవారు గడ్డం దాకా లాక్కునేది అంచునే. పిల్లలు నేలమీద ఈడ్చేదీ, ఉతికేటప్పుడు బండకేసి బాదేటప్పుడు మొదట తగిలేదీ అంచే. ఒకసారి అంచు విడిపోయిందంటే లోపలి పొరలు ఒకదానికొకటి జారిపోయి, బొంత మూటలా మారుతుంది. ఆ అంచును నాలుగు వైపులా చుట్టి కుట్టే పట్టీనే మా ఇళ్లలో గోటు అంటారు. కొందరు పెద్దలు మగ్జీ అని కూడా అంటారు. గోటు గట్టిదైతే బొంత తరం దాటుతుంది. గోటు మాత్రం మధ్యలో రెండుమూడు సార్లు మారుతుంది.

ఆ సోదరి ఇంటికి మేము మా ఇంటివారితో కలిసి వెళ్లింది తర్వాతి మాట. అక్కడ ఆమె, ఆమె అత్తగారు పీలిక కోసే పద్ధతి చూపించారు. పెద్దవారు కప్పుకునే బొంత అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు అనుకుందాం. నాలుగు అంచులు కలిపితే 24 అడుగులు, అంటే 288 అంగుళాలు. మూలల మడతకు, అతుకులకు కలిపి 300 అంగుళాల పీలిక కావాలి. వెడల్పు మూడంగుళాలు. అటు అర అంగుళం, ఇటు అర అంగుళం లోపలికి మడిచి కుడితే పైవైపు ఒక అంగుళం, అడుగువైపు ఒక అంగుళం కనిపిస్తుంది. పొరలు ఎక్కువైతే మరో అర అంగుళం పెంచుకోవాలి.

చూడడానికి ఇంతే. కోత దగ్గరే అసలు కష్టం. గుడ్డకు పడుగు, పేక అని రెండు దారులున్నాయి. పడుగు వెంట, అంటే పొడవు వెంట కోసిన పీలిక సాగదు. పేక వెంట కోసినది కొంచెం సాగుతుంది. మూలనుంచి మూలకు ఏటవాలుగా కోసినది రబ్బరులా సాగుతుంది. తిన్నని అంచుకు సాగే పీలిక వేస్తే బొంత అంచు అలలుగా తేలుతుంది. గుండ్రని మూలకు సాగని పీలిక వేస్తే ముడతలు పడుతుంది. కనుక ఎక్కడికి ఏది అనేది కత్తెర పట్టకముందే తేలాలి.

నూలు గుడ్డయితే అంచున చిన్న గాటు పెట్టి చింపితే పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. కాని చింపిన అంచు సాగి, చుట్టుకుపోతుంది. అందుకే ఆ అత్తగారు చింపరు. గాటు దగ్గర ఒక్క పోగును సూదిమొనతో పట్టి, తెగకుండా మెల్లగా చివరిదాకా లాగుతారు. పోగు వచ్చేసిన చోట గుడ్డమీద సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తెర నడుస్తుంది. ఏ స్కేలూ అంత తిన్నని గీత గీయలేదు. తొందరపడేవారు గుడ్డను నాలుగు మడతలు వేసి ఒక్కసారి కోస్తారు. మడత రవ్వంత వంకరైనా, విప్పి చూస్తే ప్రతి మడత దగ్గర పీలిక మోచేయిలా వంగి ఉంటుంది. కుట్టేటప్పుడు అది ఎంత లాగినా తిన్నబడదు.

ఇది చూస్తున్నప్పుడు మాకు హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) గుర్తుకు వచ్చారు. హిజ్రత్ ప్రయాణానికి దైవప్రవక్త (స)కు, తన తండ్రికి ఆమె ఆహారం సిద్ధపరచారు. సంచి మూతి కట్టడానికి ఏమీ దొరకలేదు. తన నడికట్టును పొడవునా రెండుగా చీల్చి కట్టారు. అందుకే ఆమెకు జాతున్నితాఖైన్, రెండు నడికట్ల స్త్రీ, అనే బిరుదు నిలిచిపోయింది. ఈ వృత్తాంతాన్ని విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. మేము త్యాగం గురించి చెప్పాం, ధైర్యం గురించి చెప్పాం. ఆ గుడ్డ ఆమె సొంతమన్న సంగతి మాత్రం మా పాఠంలో ఏనాడూ రాలేదు.

దర్జీ గుడ్డలు ఆ సోదరికి ఎందుకంత అవసరమో ఇప్పుడు చెప్పవచ్చు. బొంత కడుపులో వేసేది పాత చీరలే. వాటి గుడ్డ అప్పటికే నలిగి పలచబడి ఉంటుంది. అదే గుడ్డతో గోటు వేస్తే ఏడాది తిరగకుండానే పోతుంది. దర్జీ దగ్గర మిగిలేది కొత్త గుడ్డ. రెండున్నర మీటర్ల బట్టలో కుర్తా కోసినప్పుడు పక్కన అంచు వెంట పొడవాటి పట్టీ మిగులుతుంది. అది పడుగు వెంట ఉంటుంది, బిగువుగా ఉంటుంది, గోటుకు కోసి పెట్టినట్టే ఉంటుంది. అడుగున్నర పొడవు ముక్కలైతే ఒక బొంతకు పద్దెనిమిది అతకాలి. ఆ అతుకు కూడా అడ్డంగా వేయరు, ఏటవాలుగా వేస్తారు. అడ్డంగా వేస్తే మడత మీద మడత పడి అక్కడ గడ్డ కడుతుంది.

చదరపు ముక్క దొరికితే ఆమె చేసే పని చూసి లెక్కల మాస్టారు కూడా ఆశ్చర్యపడాలి. ముప్పై అంగుళాల చదరాన్ని మూలనుంచి మూలకు కోస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. వాటి పొట్టి అంచులను కలిపి కుడితే ఏటవాలు చతుర్భుజం అవుతుంది. ఏటవాలు అంచుకు సమాంతరంగా మూడేసి అంగుళాల ఎడంతో గీతలు గీస్తారు. మిగిలిన రెండు తిన్నని అంచులను గొట్టంలా కలిపేటప్పుడు ఒక గీత పక్కకు జరిపి కలుపుతారు. ఇక ఒక చివర కత్తెర పెట్టి గీత వెంట పోతే, మామిడిపండు తొక్క తెగకుండా ఒలిచినట్టు, ఒకే పీలిక వస్తుంది. 30ని 30తో గుణిస్తే 900. మూడుతో భాగిస్తే 300. ఒక బొంతకు సరిపోయే పొడవు. కుట్లలో కొంత పోతుంది కాబట్టి ఆమె మరో రెండంగుళాలు పెద్ద చదరం తీసుకుంటారు. మా విద్యార్థులు పాత దినపత్రికతో ఇదే చేసి చూశారు. గీత జరపడం మరచిన అబ్బాయికి పీలిక బదులు ఏడు కాగితపు గాజులు వచ్చాయి. వాటిని వాడు రోజంతా చేతికి తొడుక్కుని తిరిగాడు.

పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి పల్లెల్లో ఉండే సిద్దీ స్త్రీలు ఈ గొడవే లేకుండా కౌదీలు కుడతారు. వారి పూర్వికులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు, వారిలో ముస్లింలూ ఉన్నారు. వారు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. వేరే గోటు కుట్టరు. మూలలకు మడిచిన చిన్న గుడ్డముక్కలు పువ్వులా పెడతారు. మా ప్రాంతపు బొంత అలా కాదు. గోటు లేనిదే దానికి పూర్తి అయిందన్న పేరు లేదు.

ఇక మా జవాబు సంగతి. ఆ సోదరి మా వద్దనుంచి నేరుగా దుకాణాలకు వెళ్లి సంచి తిరిగి ఇచ్చారట. ఒక దర్జీ నవ్వాడు. మరొకాయన తనను దొంగ అన్నట్టుగా భావించి, ఇకమీదట తన గడప తొక్కవద్దన్నాడు. ఆమె ఒప్పుకున్న బొంతలు గోటు లేకుండా ఇంట్లోనే ఉండిపోయాయి. భర్త నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి, రాతి దుమ్ముకు ఊపిరి ఆడక మానుకున్న మనిషి. కుట్టుకూలీయే ఆ ఇంటికి ఆధారం. ఈ విషయాలేవీ మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. మదరసాలో ఉండి చదివే పిల్లల బొంతలకు గోటు మార్పించాలని కబురు పంపినప్పుడు "హలాల్ గుడ్డ దొరకలేదు, క్షమించండి" అని జవాబు వస్తే అప్పుడు తెలిసింది.

ఆ రోజే ఇంకొక సంగతి కూడా బయటపడింది. మా సామాన్ల గదిలో రెండు మూటల గుడ్డముక్కలు ఉన్నాయి. ఎవరో దర్జీ పిల్లల దిండ్లలోకని సదఖాగా ఇచ్చినవి. పుచ్చుకున్నది మేమే, దుఆ చేసిందీ మేమే. ఇవి ఎవరి గుడ్డలని అడగాలని ఆ పేద సోదరికి తట్టింది, మాకు తట్టలేదు.

కితాబులు తెరిచి మళ్లీ చూశాం. విషయం మేము చెప్పినంత ఒక్క ముక్కలో తేలేది కాదు. దర్జీ చేతిలోని బట్ట అమానతు, కుట్టగా మిగిలింది యజమానిదే. ఇది మూలసూత్రం. అయితే పోగులు, పేడులు, ఏ పనికీ రాని గోరంత ముక్కలు ఎవరూ తిరిగి అడగరని ఊరి వాడుక ఉంటే, ఆ వాడుకే అనుమతి కింద లెక్క. దారిలో పడి ఉన్న ఖర్జూరపు పండు గురించి, అది సదఖాదేమో అన్న సందేహం లేకుంటే తినేవాడినని దైవప్రవక్త (స) అన్నట్లు హదీసుల్లో ఉంది. అంతటి అల్పమైన వస్తువుకు యజమానిని వెతుకుతూ ఊరంతా చాటనక్కరలేదని ధర్మవేత్తలు దీన్నుంచి గ్రహించారు. పనికివచ్చే పొడవాటి పట్టీ సంగతి వేరు. అడిగితీరాలి, లేదా తిరిగి ఇవ్వాలి. ఇక రెండు మీటర్లు చాలినచోట రెండుంపావు తెమ్మని చెప్పి, ఆ పావును మిగుల్చుకోవడం పచ్చి ఖియానతు. తూకంలో, కొలతలో తగ్గించేవారి గురించి ముతఫ్ఫిఫీన్ సూరాలో వచ్చిన హెచ్చరిక తరాజు పట్టిన వ్యాపారికే పరిమితమని, టేపు మెడలో వేసుకున్నవాడికి వర్తించదని ఎవరైనా అనుకుంటే అది భ్రమ.

అంటే అడగవలసిన భారం మొదట దర్జీది, తర్వాత బట్ట ఇచ్చిన మనది. మేము ఆ మొత్తాన్ని వరుసలో చివర నిలబడ్డ స్త్రీ నెత్తిన పెట్టి ఇంటికి పంపాం. దైవప్రవక్త (స) సతీమణుల్లో హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) చేతిపని చేసి దానధర్మాలు చేసేవారు. తన తర్వాత మొదట తనను కలుసుకునేది పొడవైన చేతులు గలవారని దైవప్రవక్త (స) చెప్పగా, సతీమణులు చేతులు కొలుచుకొని చూసుకున్నారు. ఆమె మరణించాక ఆ పొడవు దేనిదో అర్థమైంది. చేతిపనికి ఇంతటి గౌరవమిచ్చిన ధర్మాన్ని బోధించే మేము, ఒక చేతిపని ఆగిపోతుంటే ఎందుకని కూడా అడగలేదు.

ఒక జుమా బయాన్‌లో ఈ విషయం ఎత్తాం, మా తప్పుతో సహా. నమాజు అయ్యాక దర్జీలు నలుగురు చుట్టుముట్టారు. వారి వాదన కొట్టిపారేయదగింది కాదు. పెద్దాయన ఒకరు అన్నారు: "మౌలానా, చేతకానివాడు కోస్తే ఈ పట్టీ మిగలనే మిగలదు. చేతిని, వెన్నును, ముందు భాగాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడ్చి కోస్తే మిగిలింది. అది నా నేర్పు. నా నేర్పుకు ఫలం నాది కాదా?" మేము కొంతసేపు ఆలోచించవలసి వచ్చింది. నేర్పుకు ఫలం కూలి. గుడ్డ నేర్పుతో మిగిలినా, నిర్లక్ష్యంతో మిగిలినా, అది గుడ్డే, యజమాని మారడు. ఆయన తన నేర్పుకు కూలి పెంచి అడగవచ్చు. లేదా మిగులు గుడ్డ నాదని ముందే చెప్పి కూలి తగ్గించవచ్చు. రెండూ ధర్మసమ్మతమే. చెప్పకుండా ఉంచుకోవడమే కాదు. ఆయన ఒప్పుకున్నారో లేదో ముఖం చూస్తే తెలియలేదు. రంజాన్ పని మొదలయ్యాక మాత్రం ఆయన దుకాణంలో కొలతలు రాసుకునే చీటీ మీద "మిగులు: వాపసు / ఇచ్చివేత" అనే వరుస కనిపించింది. మిగిలిన ముగ్గురిలో ఒకరు నోటితో అడుగుతున్నారు. ఇద్దరు ఇప్పటికీ అడగడం లేదు.

అడిగినచోట చాలామంది "ఇచ్చేయండి, మాకెందుకు" అంటున్నారట. కొందరు తల్లులు తిరిగి తీసుకొని, పిల్లల సంచులకు, దుపట్టాలకు వాడుకుంటున్నారు. వారి గుడ్డ, వారి ఇష్టం. కనుక ఆ సోదరికి దొరికే గుడ్డ మునుపటి కంటే తగ్గిన మాట నిజం. ఈ లోటును ఆమె అత్తగారే ఒక దారిన కొంత పూడ్చారు. నేత చీరలో ఒళ్లు నలిగినా కరలు గట్టిగా ఉంటాయి, అక్కడ నేత బిగువు. అయిదున్నర మీటర్ల చీరకు రెండు కరలు పొడవునా కోస్తే దాదాపు 36 అడుగుల పీలిక, ఒక బొంతకు చాలగా ఇంకా మిగులుతుంది. అతుకులు కూడా పద్దెనిమిది అక్కరలేదు, రెండుమూడు చాలు. అయితే ఇప్పుడు ఇళ్లనుంచి వచ్చేవి ఎక్కువగా అచ్చు వేసిన పాలిస్టరు చీరలు. వాటికి నేసిన కర ఉండదు, కోసినచోట పోగులు జారిపోతాయి. పాత నేత చీరలు ఇళ్లలో ఉన్న సోదరీమణులు వాటిని గిన్నెల వ్యాపారికి వేసే ముందు ఇటువంటివారిని ఒకసారి తలచుకోవాలని మా మనవి. దర్జీకి బట్ట ఇచ్చేటప్పుడు మిగులు సంగతి మీరే ఎత్తండి. ఆయన అడుగుతాడని ఎదురుచూడకండి.

మా సామాన్ల గదిలోని మూటల కథ ఇంకా తేలలేదు. ఇచ్చిన దర్జీ ఊరు విడిచి వెళ్లాడు, ఏ ముక్క ఎవరిదో తెలుసుకునే దారి లేదు. యజమాని దొరకని సొమ్ము అతని తరఫున పేదలకు సదఖా చేయాలన్నది ధర్మశాస్త్రం. మా పిల్లల్లో అత్యధికులు పేదలే. అయినా మా వస్తువుకు మేమే తీర్పు చెప్పుకోవడం ఇష్టంలేక, పొరుగూరి ముఫ్తీగారికి రాశాం. జవాబు రావాలి.

ఆ సోదరి ఇంట్లో ఇప్పుడు మేకులకు రెండు సంచులు వేలాడుతున్నాయి. ఒకదానిలో అడిగి ఇచ్చినవి, మరొకదానిలో ఇంకా అడగవలసినవి. కుమారుడే వాటిమీద బొగ్గుతో గుర్తులు పెట్టాడు. మొన్న మా ఇంటివారు వెళ్లినప్పుడు రెండో సంచిలో ఒకే ఒక పట్టీ ఉందట. పచ్చని పట్టు, సన్నని జరీ అంచు, రెండు మూరల పొడవు. ఎవరి పెళ్లి బట్టలోదో కనుక్కురమ్మని అబ్బాయిని దుకాణానికి పంపారట.